మా పెరటి పొయ్యి

పోయిన జనవరిలో మా అత్తమ్మను హన్మకొండలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాం. రెండు నెలల నుంచి దగ్గు తగ్గలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు గారు ఆమెతో ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించి, వచ్చిన కాగితం చూసి, "అమ్మా, బీడీలు గానీ చుట్టలు గానీ తాగే అలవాటుందా?" అని అడిగారు.

అత్తమ్మకు కోపం వచ్చింది. "నేనెందుకు తాగుత సారూ? మా ఇంటాయన తాగేటోడు. ఆయన పొయ్యి గూడ పదేండ్లాయె."

"కట్టెల పొయ్యి మీద వండేవారా?"

"పదేండ్ల పిల్లప్పటి సంది గదే గదా."

ఆయన మా వైపు తిరిగారు. ఈ జబ్బు బీడీ సిగరెట్లు తాగేవాళ్లకు ఎట్లా వస్తుందో, ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకూ అట్లాగే వస్తుందన్నారు. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నారు. ఇన్‌హేలర్ రాసిచ్చి, పొగ దగ్గరికి పోవద్దని రెండుసార్లు చెప్పారు.

ఆటోలో ఎనుమాములకు తిరిగి వస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రెండేళ్ల కింద ఇక్కడే నేను మా పెరటి పొయ్యి మీద నాటుకోడి కూర గురించి మురిసిపోతూ రాశాను. గ్యాసు మీద ఆ రుచి రాదని మీలో చాలామంది ఒప్పుకున్నారు కూడా. ఆ కూర వండింది అత్తమ్మ. ఫోటో తీసింది నేను. ఫోటోలో పొగ అందంగానే పడింది.

అప్పటి నుంచి పొయ్యి గురించి దొరికిందల్లా చదువుతున్నాను. మా ఇంటి పొయ్యికి కూడా ఒక చరిత్ర ఉందని, అందులో మన హైదరాబాద్ పేరు గొప్పగానే ఉందని తెలిసింది. అదంతా మీతో చెప్పుకోవాలని ఈ రోజు కూర్చున్నాను.

ముందు మా పొయ్యి సంగతి. పెరట్లో రేకుల కొట్టం కింద, మూడు వైపులా గోడ, ఒక వైపు ఖాళీ. ఎర్రమట్టిలో వరిపొట్టు, పెండ కలిపి పిసికి, అత్తమ్మ తన చేత్తో పెట్టిన రెండు పొయ్యిలు. చిన్నది కూరలకు, పెద్దది నీళ్ల కాగుకు. పండుగ పండుగకూ అలికి, సున్నంతో బొట్లు పెట్టేది. 2004లో నేను కోడలిగా వచ్చిన నాటికే ఇంట్లో గ్యాసుంది. అయినా అన్నం, పప్పు, స్నానాల నీళ్లు అన్నీ పెరట్లోనే.

అందులో పెట్టే కట్టె కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. అత్తమ్మ కాపురానికి వచ్చిన 1975 ప్రాంతంలో అడవి కట్టె బండ్ల మీద అమ్మకానికి వచ్చేదట. తర్వాత చెరువు కట్టల మీది తుమ్మ, ఆ తర్వాత సర్కారు తుమ్మ. వరంగల్ జిల్లాలో పత్తి పెరిగాక పత్తి కట్టె వచ్చింది. మా ఎనుమాముల మార్కెట్ సంగతి మీకు తెలుసు. సీజన్‌లో పత్తి బస్తాలతో, ఎర్రటి మిర్చి బస్తాలతో యార్డు నిండిపోతుంది. మా ఆయన అక్కడే ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. పత్తి యార్డుకు పోతుంది, దాని కట్టె మా పెరట్లోకి వస్తుంది. ఏరడం అయిపోయాక పీకి మోపులు కట్టి పెడితే ఏడాదికి సరిపోయేది. పైసా ఖర్చు లేదు.

కాని పత్తి కట్టె సన్నం. గుప్పున అంటుకుంటుంది, గుప్పున ఆరిపోతుంది. పొయ్యి ముందు నుంచి లేవనియ్యదు. తుమ్మ మొద్దు అయితే ఒకసారి పెట్టి బియ్యం కడుక్కోవచ్చు, పత్తి కట్టెను మాత్రం చంటిపిల్లకు తినిపించినట్టు కొంచెం కొంచెం అందిస్తూ ఉండాలి. వానాకాలంలో అది తడిస్తే ఇక కండ్లల్లో నీళ్లే. పచ్చి కట్టె అయినా తడి కట్టె అయినా మంటలోని వేడి ముందు ఆ నీళ్లను ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. పొయ్యి చల్లబడుతుంది. కట్టెలోంచి వచ్చే వాయువులు పూర్తిగా కాలవు. అట్లా కాలకుండా మిగిలిపోయిందే పొగ. అంటే పొగ రూపంలో పోయేది కూడా మనం మోసుకొచ్చిన కట్టెనే. ఈ ఒక్క ముక్క తెలిశాక నాకు పొయ్యిల చరిత్రంతా సులువుగా అర్థమైంది.

మా చెల్లెలు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటుంది. అక్కడ నేల మాళిగలో ఫర్నేస్ అని ఒకటుంటుంది, చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉంచేది అదే. "అది ఆగిపోతే ఆ రాత్రికి మేం గడ్డకట్టుడే అక్కా" అంటుంది. మనకు ఆ బాధ లేదు. వరంగల్‌లో ఎంత చలి పెట్టినా గడ్డకట్టేంత ఉండదు. ఇల్లంతా వెచ్చబెట్టుకునే అవసరం మనకు పడదు, ఒక్క బాలింత గదిలో తప్ప. 2006 డిసెంబర్‌లో మా అమ్మాయి పుట్టినప్పుడు నా మంచం పక్కన కుంపటి పెట్టారు. కట్టె బొగ్గుల నిప్పుల మీద సాంబ్రాణి వేసి బిడ్డ తల ఆరబెట్టేవాళ్లు. తలుపులు, కిటికీలు మూసి గాలి తగలనిచ్చేవాళ్లు కాదు. ఆ నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, మూసిన గదిలో అది ప్రాణం తీయగలదనీ నాకు ఈ మధ్యనే తెలిసింది. ప్రేమతోనే పెట్టారు. ఇప్పుడు ఎవరింట్లో పెట్టినా నేను పోయి కిటికీ తెరుస్తాను.

చలి దేశాల వాళ్లకు పొయ్యి బాగుచేసుకోవడం బతుకు సమస్య. అందుకే అక్కడ పెద్ద పెద్దవాళ్లు దాని మీద బుర్ర పెట్టారు. పిడుగుల నుంచి ఇళ్లను కాపాడే కడ్డీ కనిపెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల్లో ఇనుప పలకలతో ఒక పొయ్యి చేసి, 1744లో దాని గురించి చిన్న పుస్తకం అచ్చు వేశాడు. వేడి గదిలోకి ఎక్కువ రావాలని పొగను కిందికి దింపి, మళ్లీ పైకి తిప్పి పంపాడు. పొగకు మాత్రం పైకి పోవడమే తెలుసు. గొట్టం వేడెక్కనప్పుడు అది వెనక్కి తిరిగి గదిలోకే వచ్చేది. తర్వాత డేవిడ్ రిటెన్‌హౌస్ అనే ఆయన గొట్టం తీరు మార్చాక ఆ పొయ్యి జనానికి పనికొచ్చింది. అంతటి ఫ్రాంక్లిన్ కూడా పొగ దగ్గర తడబడ్డాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మా ఇంటి కథలో మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత కౌంట్ రమ్‌ఫర్డ్. అమెరికాలో పుట్టి, జర్మనీలోని మ్యూనిక్‌లో కొలువు చేసిన మనిషి. పేదలకు వండిపెట్టే వంటశాలల్లో కట్టె ఎంత ఖర్చవుతుందో కొలిచి చూశాడు. బహిరంగంగా మండే మంటను ఇటుకల మధ్య మూసి, గిన్నె అందులో కూర్చునేట్టు గుంట చేసి, కింద జల్లెడ పెట్టి, గాలి ఎంత పోవాలో మూతతో సరిచేశాడు. 1790ల్లో ఆయన రాసిన సూత్రాలే ఈ రోజుకీ మంచి కట్టెల పొయ్యికి ఆధారం. కట్టె నేల మీద పడుకోకూడదు, దాని కిందికి గాలి రావాలి. మంటకూ గిన్నెకూ మధ్య దూరం సరిగ్గా ఉండాలి. పొగకు నేరుగా దారి ఉండాలి.

ఇప్పుడు మన హైదరాబాద్. ఇది చదివినప్పుడు నేను నిజంగా లేచి కూర్చున్నాను. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ అని ఒక సంస్థ ఉండేది. దాన్ని నడిపిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు ఇంజనీరింగ్ పనులతో పాటు పేదింటి వంటగది మీద కూడా దృష్టి పెట్టారు. మట్టితోనే కట్టుకోగల పొయ్యి ఒకటి తయారుచేశారు. ఒకే మంట మీద వరసగా రెండు మూడు గిన్నెలు కూర్చుంటాయి. ముందు గిన్నెకు తగిలిన వేడి వృథా కాకుండా మట్టి సొరంగంలోంచి వెనక గిన్నెకు పోతుంది. చివరికి పొగ గొట్టంలోంచి ఇంటి పైకి పోతుంది. సంస్థ పేరులోని ఇంగ్లిష్ పొడి అక్షరాలను కలిపి దాన్ని హెర్ల్ చూలా అన్నారు. 1953లో ఆయన దాని మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాశారు. కోట్ల మందికి పొగ లేని వంటిళ్లు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మద్రాసులో అచ్చయింది. ఇల్లాలికి అయిదు స్వేచ్ఛలు కావాలన్నది ఆయన మాట. పొగ నుంచి, మసి నుంచి, వేడి నుంచి, దుబారా నుంచి, అగ్ని ప్రమాదం నుంచి.

దానికి కొంచెం ముందే, 1947 ప్రాంతంలో, వార్ధాలోని మగన్‌వాడిలో గాంధీ గారి గ్రామ పరిశ్రమల వాళ్లు మగన్ చూలా చేశారు. అదీ మట్టిదే, గొట్టం ఉన్నదే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పెద్దవాళ్లు ఇట్లా మన వంటిళ్ల వైపు చూశారన్నమాట. రాజు గారి పుస్తకం వచ్చినప్పటికి మా అత్తమ్మ ఇంకా పుట్టలేదు. ఆమెకు పదేండ్లు వచ్చి పొయ్యి ముందు కూర్చునే నాటికి ఆ పుస్తకానికి పదహారేళ్లు. హైదరాబాద్‌కూ మా ఊరికీ మధ్య నూట యాభై కిలోమీటర్లు కూడా లేవు. ఆ పొయ్యి మాత్రం ఆమె దాకా రాలేదు.

మళ్లీ ప్రభుత్వాలు పొయ్యి వైపు చూసింది 1970ల్లో. అయితే ఈసారి చూసింది వండే మనిషి కోసం కాదు, అడవి కోసం. చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. పేద దేశాలకు అసలైన ఇంధన కరువు వంట చెరుకుదే అని 1975లో ఎరిక్ ఎకోమ్ అనే అమెరికన్ రాసిన వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. మంచి పొయ్యి ఉంటే కట్టె తగ్గుతుంది, అడవి మిగులుతుంది అన్నారు. మన దేశంలో 1980ల్లో జాతీయ స్థాయిలో మెరుగైన పొయ్యిల పథకం మొదలై 2002 దాకా నడిచింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్కలున్నాయి. అదే కాలంలో చైనాలో పన్నెండు కోట్లకు పైగా ఇళ్లలో పెట్టారు.

ఆడవాళ్ల ఊపిరి లెక్కలోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది. కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త మన వాళ్లతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచి 1983లో ప్రచురించారు. అంతకు ముందు గాలి కాలుష్యం అంటే ఫ్యాక్టరీల పొగ, మోటార్ల పొగ. ఇంటి లోపలి పొగను కొలవాలని ఎవరికీ పెద్దగా తోచలేదు. ఇళ్లల్లో ఇట్లాంటి పొగ వల్ల 2020లో ఒక్క ఏడాదిలోనే 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇదంతా నేను చదివి చెబుతుంటే అత్తమ్మ మధ్యలో అందుకుంది. "మనింట్ల గూడ పెట్టిన్రు గదా గొట్టం పొయ్యి."

నాకు తెలియదు. మా ఆయన అయిదో తరగతిలో ఉన్నప్పుడు, అంటే 1990 ప్రాంతంలో, ఎవరో వచ్చి పెట్టి పోయారట. ఎవరి తరఫున వచ్చారో ఆమెకు గుర్తులేదు. రెండు గుంతలు, సిమెంటు రేకు గొట్టం. మొదటి నెల పొగ లేదట, గోడలకు మసి కూడా పట్టలేదట.

"మరి ఎందుకు తీసేసినవ్ అత్తమ్మా?"

"నాట్లప్పుడు పది మంది కూలోళ్లకు వండాలె. నా పెద్ద బగోనె దాని గుంతల కూసుంటదా? కూసోలే. చుట్టూ మంట బయటికొచ్చె. గుంత పెద్దగ జేద్దామని చెక్కిన. పగిలింది. గొట్టం మసితోని నిండితే ఎట్ల దులపాల్నో ఎవ్వరు చెప్పలే. పొగంత మల్ల ఇంట్లకే. ఓ దినం కోపమొచ్చి గడ్డపార తీస్కున్న."

దేశం మొత్తం మీద ఆ పథకం ఎందుకు చతికిలబడిందో నిపుణులు రాసింది చదివాను. ఇంచుమించు ఇవే మాటలు. గిన్నెలకు సరిపోని గుంతలు, పగిలిన మట్టి, పూడిపోయిన గొట్టాలు, పెట్టిపోయినవాళ్లు మళ్లీ రాకపోవడం. ఆ తర్వాత ఒడిశాలో 2,600 దాకా ఇళ్లను కొన్నేళ్ల పాటు గమనించిన ఆర్థికవేత్తలు కూడా అదే చూశారు. మొదటి ఏడాది పొగ కొంత తగ్గింది. తర్వాత జనం ఆ పొయ్యిలను సరిగా వాడలేదు, బాగుచేయించుకోలేదు. చివరికి కట్టే తగ్గలేదు, ఆరోగ్యమూ బాగుపడలేదు. ప్రయోగశాలలో బాగా మండిన పొయ్యి ఇంటికి వచ్చాక ఆ ఇంటి బగోనెను, ఆ ఇంటి కట్టెను, ఆ ఇంటి ఇల్లాలిని ఎరిగి ఉండాలి కదా.

ఇక గ్యాసు. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. 2016లో దేశమంతటికీ ఉజ్వల వచ్చింది. అత్తమ్మకు దీపం కిందే వచ్చింది. సిలిండర్ ఇంటికి వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టిందట. కానీ వాడేది చాయకు, చుట్టాలు వచ్చినప్పుడు ఉప్మాకు. సిలిండర్‌కు పైసలు పెట్టాలి, పత్తి కట్టె ఊరికే వస్తుంది. కట్టె ఏరిన చేతులకు కూలి ఎవరూ లెక్కకట్టరు, మందుల చీటీ రాసేదాకా ఊపిరికీ ఎవరూ లెక్కకట్టరు. 2024 ఫిబ్రవరి నుంచి తెలంగాణలో అర్హులైన ఇళ్లకు అయిదు వందలకే సిలిండర్ ఇస్తున్నారు. అది కూడా మా పెరటి పొయ్యిని ఆర్పలేదు.

డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన వారానికే పొయ్యి కూలగొట్టేద్దామన్నారు మా ఆయన. అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నాతో మెల్లగా అన్నది, "ఆ పొయ్యి కాడ కూసుంటే నేను ఇంట్ల ఉన్నట్టుంటది బిడ్డా. గ్యాసు కాడ నువ్వుంటవు. నేనేడుండాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు. కూలగొట్టొద్దు, బాగుచేద్దాం అన్నాను. వంటంతా లోపల గ్యాసు మీదే, పొయ్యి స్నానాల నీళ్లకు మాత్రమే అని ఒప్పందం. పొయ్యి అంటించేది మా ఆయన. అత్తమ్మ దూరం నుంచి చెప్పాలే తప్ప దగ్గరికి రావద్దు.

మొదటిసారి తెలిసిన మేస్త్రీని పిలిచి గొట్టం పెట్టించాం. రేకుల అంచు కిందే ఆరడుగుల దగ్గర ఆపేశాడు. పైకి తీస్తే రేకు కోయాలి, వానకు కారుతుందన్నాడు. సరే అన్నది నేనే. మర్నాడు పొద్దున గాలి ఎదురు తిరిగింది. పొగ రేకు కింద గుమికూడి, వంటింటి కిటికీలోంచి నేరుగా అత్తమ్మ మంచం మీదికి పోయింది. ఆ రోజు ఆమె దగ్గుతుంటే నాకు ఫ్రాంక్లిన్ గుర్తొచ్చాడు. చదివి కూడా అదే తప్పు చేశాను.

రెండోసారి రేకు కోయించి, గొట్టాన్ని కప్పు శిఖరం కంటే మూడడుగులు పైకి లేపించాం. కారకుండా చుట్టూ రేకు కాలరు, పైన వాన పడకుండా టోపీ. గొట్టం అడుగున మసి తీసుకోవడానికి చిన్న తలుపు. వంటింటి వైపున్న సగం గోడ తీసేసి అటు కిటికీని మూసేయించాం. పొయ్యిలో మూడంగుళాల ఎత్తున ఇనుప జల్లెడ పెట్టాం, కట్టె దాని మీద, బూడిద కిందికి, గాలి కింది నుంచి. పొయ్యి నోరు సగానికి తగ్గించాం. గుంత ఎంత ఉండాలన్నది మాత్రం మేస్త్రీకి అత్తమ్మే చెప్పింది. కాగును తెప్పించి, తడి మట్టి మీద బోర్లించి, దాని చుట్టూ వేలితో గీత గీసింది. "గీ గీతకు ఏలెడు లోపల, అంతే" అన్నది. కాగు కూర్చున్నాక పక్కల నుంచి మంట నాలుక ఒక్కటి బయటికి రాలేదు.

కట్టెకు కూడా నేల నుంచి జానెడు ఎత్తున మంచె కట్టించి పైన రేకు కప్పాం. తడి తగ్గింది. మా నలుగురి స్నానాలకు ఇదివరకు రెండు మోపుల పత్తి కట్టె పోయేది, ఇప్పుడు ఒక మోపు, పైన కొంచెం. అంటించిన మొదటి అయిదు నిమిషాలు పొగ వస్తుంది. గొట్టం వేడెక్కాక గుర్రుమని లాగుతుంది. ఆ చప్పుడు వింటే మా ఆయనకు భలే సంతోషం. మసి తలుపు ప్రతి అమావాస్యకూ తీసి దులపాలని పెట్టుకున్నాం. క్యాలెండర్‌లో వేరే గుర్తు అక్కర్లేదు కదా.

ఇది చదివి మీరు గొట్టం పెట్టించి మళ్లీ వంటంతా కట్టెల మీదికి మారుస్తారేమోనని నా భయం. అట్లా చెయ్యకండి. గొట్టం ఎంత మంచిదైనా పొగ వాకిట్లోకే పోతుంది, పక్కింటికే పోతుంది. వంటకు గ్యాసే మంచిది. పొయ్యి తప్పనివాళ్లు కట్టె ఎండబెట్టండి, కింద జల్లెడ పెట్టండి, గొట్టం కప్పు దాటించండి, నెలకోసారి దులపండి. ఇంట్లో పెద్దవాళ్లు దగ్గుతుంటే వయసు అని వదిలెయ్యకుండా ఒకసారి ఊదించి చూపించండి.

అత్తమ్మ ఆయాసం పోలేదు, పోదని డాక్టరు ముందే చెప్పారు. పోయిన నెల చూపిస్తే అంతకంటే పెరగలేదన్నారు. ఇన్‌హేలర్ పొద్దున, రాత్రి తప్పకుండా తీసుకుంటున్నది. పొయ్యికి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, కొడుకు కట్టె పెట్టే తీరును రోజూ తప్పుపడుతున్నది. నాటుకోడి కూర గ్యాసు మీద వండుతున్నాం. ఉప్పు సరిగ్గా ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

నిన్న అమావాస్య. నేను మరిచిపోయాను. పొద్దున్నే లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది: "గొట్టం దులిపిన్రా లేదా?"